పచ్చగా కనిపిస్తే అడవేనా?

సెప్టెంబర్‌లో మన దగ్గర పచ్చగా లేని చోటు వెతకడం కష్టం. రైలు పట్టాల మధ్య గడ్డి మొలుస్తుంది. పాడుబడిన గోడ పగులులోంచి రావి మొక్క లేస్తుంది. డాబా మీద పడేసిన పాత టబ్బులో కూడా ఏదో ఒక ఆకు తలెత్తుతుంది. అలాంటి నెలలో తీసిన ఒక ఫొటో చూపించి "గని తవ్విన చోట మళ్లీ అడవి వచ్చేసింది" అని ఎవరైనా పోస్ట్ పెడితే మనం ఏం చేయాలి? లైక్ కొట్టి కిందికి జరిగిపోవాలా, ఒక ప్రశ్న అడగాలా?

ఈ వారం మన ముచ్చట ఆ ప్రశ్న గురించే. బొగ్గు కోసమో ఇనుము కోసమో తవ్వేసిన నేల మళ్లీ కోలుకుందని ఎవరు చెబుతారు? ఏం చూసి చెబుతారు? జవాబులో సగం మన తల మీద 700 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. మిగతా సగం మేకలకు తెలుసు. నవ్వకండి, అక్కడికీ వద్దాం.

నేల తలకిందులైతే

ఓపెన్‌కాస్ట్ గని అంటే సొరంగం ఉండదు. బొగ్గు పొర మీద ఉన్న మట్టినీ రాయినీ పేల్చి, షావెల్‌తో ఎత్తి, డంపర్లలో పోసి పక్కన కుప్ప పెడతారు. బొగ్గు తేలాక దాన్ని తీసుకెళ్తారు. ఆ కుప్ప పెట్టిన దాన్ని ఓవర్‌బర్డెన్ అంటారు. గోదావరిఖని, మంచిర్యాల, మణుగూరు, సత్తుపల్లి వైపు వెళ్లి 'ఓసీ', 'ఓబీ' అనండి, చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. సింగరేణి ఓసీల్లో ఒక్క టన్ను బొగ్గు బయటికి రావాలంటే దాదాపు ఐదారు క్యూబిక్ మీటర్ల మట్టీ రాయీ పక్కకు తీయాలి. అంటే సుమారు రెండు ట్రాక్టర్ ట్రాలీలు. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. ఇక గుట్టలు ఎంతెంత లేచాయో మీరే లెక్క వేసుకోండి.

మా ఆఫీసులో గోదావరిఖని నుంచి వచ్చిన మిత్రుడొకడు ఉన్నాడు. ఒకసారి టీ దగ్గర అన్నాడు: "మా దగ్గర గుట్టలు రెండు తీర్లన్నా. దేవుడు పెట్టినయి, డంపర్లు పోసినయి."

ఈ రెండో రకం గుట్టతో చిక్కేమిటంటే, అందులో నేల తలకిందులై ఉంటుంది. పైన ఒక అడుగు మందాన ఉండే అసలైన మట్టి, అంటే వానపాములు, వేర్ల బూజు, ఎన్నో ఏళ్ల విత్తనాలు అన్నీ దాచుకున్న మట్టి, కుప్పలో ఎక్కడో అడుగున పడిపోతుంది. సుమారు 25 కోట్ల ఏళ్లుగా చీకట్లో ఉన్న ఇసుకరాయి, షేల్ ముక్కలు పైకొచ్చి ఎండలో కూర్చుంటాయి. వాటిలో నత్రజని దాదాపు ఉండదు. నీళ్లు పోస్తే నిలవవు. మధ్యాహ్నం పెనంలా కాలుతుంది.

అందుకే నిబంధనల ప్రకారం పై మట్టిని ముందే గీరి విడిగా దాచాలి. తర్వాత గుట్ట మీద పరచాలి. దాన్ని కూడా ఏళ్ల తరబడి కుప్పగా ఉంచకూడదు. ఉంచితే లోపలి విత్తనాలు, సూక్ష్మజీవులు చచ్చిపోయి అది ఉత్త దుమ్ముగా మిగులుతుంది. గుట్ట వాలు మొత్తం మీద 28 డిగ్రీలు దాటకూడదని పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా షరతు ఉంటుంది. దాటితే మొదటి గట్టి వానకే మట్టి జారి పక్క చేలల్లో పడుతుంది. ఇదంతా అయ్యాక స్టైలో లాంటి పశుగ్రాసం, నత్రజనిని నేలకు కట్టే పప్పుజాతి మొక్కలు, తర్వాత చెట్ల మొలకలు నాటుతారు.

నాటడం వరకు కథ తేలికే. ఫొటో తీస్తారు, బోర్డు పెడతారు. అసలు పని అక్కడి నుంచి మొదలవుతుంది. నాటిన చోటికి ఐదేళ్ల తర్వాత ఎవరు వెళ్తారు?

ఆకు చెప్పే అంకె

శాటిలైట్ వెళ్తుంది. అది చూసే పద్ధతి చాలా సింపుల్, అందుకే నాకు ఇష్టం.

పచ్చటి ఆకు ఎరుపు కాంతిని మింగేస్తుంది, ఎందుకంటే కిరణజన్య సంయోగక్రియకు అది కావాలి. కానీ మన కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని మాత్రం వెనక్కి కొట్టేస్తుంది. ఆకు లోపలి కణాల అమరికే అలా ఉంటుంది. వట్టి నేల అయితే రెండింటినీ ఇంచుమించు ఒకేలా తిప్పి పంపుతుంది. ఈ తేడాను ఒక లెక్కలో పెడితే వచ్చేదే ఎన్‌డీవీఐ. ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపును తీసేయండి, వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగించండి. అంతే.

ఉదాహరణకు ఒక ఆరోగ్యమైన ఆకు ఇన్‌ఫ్రారెడ్‌లో 50 శాతం, ఎరుపులో 5 శాతం తిప్పి పంపిందనుకుందాం. 45ను 55తో భాగిస్తే 0.82. వట్టి నేల 30, 25 పంపితే 5ను 55తో భాగించాలి, 0.09. ఒకటికి దగ్గరగా ఉంటే దట్టమైన పచ్చదనం, సున్నాకు దగ్గరగా ఉంటే రాళ్లూ మట్టీ. ఏడో తరగతి లెక్క.

ఈ అంకెకు కావలసిన డేటా కూడా ఉచితమే. అమెరికా ల్యాండ్‌శాట్ 1972 నుంచి భూమిని ఫొటోలు తీస్తోంది. 2008 నుంచి ఆ పాత ఫొటోలన్నీ ఎవరైనా ఫ్రీగా తీసుకోవచ్చు. ఇప్పటి ల్యాండ్‌శాట్ ఫొటోల్లో ఒక్కో పిక్సెల్ నేల మీద 30 మీటర్లు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 మొదటి శాటిలైట్ 2015లో వెళ్లింది, 2017లో రెండోది తోడైంది. పిక్సెల్ 10 మీటర్లు, ఐదు రోజులకోసారి మీ ఊరి మీదుగా వెళ్తుంది. మనవాళ్లు 1988లో ఐఆర్ఎస్-1ఏతో మొదలుపెట్టారు. ఇప్పుడు రిసోర్స్‌శాట్ కెమెరాలతో 6 మీటర్ల కంటే చిన్న వివరం కూడా చూడగలరు. ఆ డేటా దిగే గ్రౌండ్ స్టేషన్ ఎక్కడో లేదు, మన షాద్‌నగర్‌లోనే ఉంది.

దేశంలో దీన్ని నిజంగా వాడుతున్నారు కూడా. కోల్ ఇండియాకు చెందిన సీఎంపీడీఐ 2008 నుంచి ఓపెన్‌కాస్ట్ గనులను శాటిలైట్ చిత్రాలతో పరిశీలిస్తోంది. బొగ్గూ ఓబీ కలిపి ఏటా 50 లక్షల క్యూబిక్ మీటర్ల కంటే ఎక్కువ తవ్వే గనులను ప్రతి సంవత్సరం, చిన్నవాటిని మూడేళ్లకోసారి. ఎంత నేల తవ్వకంలో ఉంది, ఎంత పూడ్చారు, ఎంత మేర మొక్కలు ఉన్నాయి అని మ్యాపు వేసి లెక్క చెబుతారు. ఇది మంచి పని. లేకపోతే మనకు దిక్కు బోర్డు మీద రాసిన మొక్కల సంఖ్యే.

కానీ ఐటీలో పని చేసేవాళ్లకు ఒక అనుమానం పుట్టుకతో వస్తుంది. సర్వర్లన్నీ డ్యాష్‌బోర్డ్‌లో పచ్చగా మెరుస్తుంటాయి. యూజర్ ఏమో యాప్ తెరుచుకోవట్లేదని మొత్తుకుంటుంటాడు. ఏ అంకెనైతే చూసి మార్కులు వేస్తామో, జనం ఆ అంకెను పెంచడం నేర్చుకుంటారు. అసలు పని జరిగిందా లేదా అన్నది పక్కకు పోతుంది. పచ్చదనం విషయంలో కూడా అదే ప్రమాదం.

ఏప్రిల్‌లో ఎవరు పచ్చగా ఉంటారు?

సెప్టెంబర్ ఫొటో నమ్మొద్దన్నాను కదా. సరే, ఎండాకాలంలో చూద్దాం అంటారు మీరు. ఏప్రిల్‌లో కూడా పచ్చగా ఉందంటే గట్టి అడవే అయి ఉండాలి కదా?

సరిగ్గా ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది.

గోదావరి పక్కన ఆదిలాబాద్, మంచిర్యాల, కొత్తగూడెం వైపు సహజంగా ఉండే అడవి ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, మోదుగ, తునికి, ఏగిస. ఎండలు ముదిరే సమయానికి టేకు చెట్టు ఆకులన్నీ రాల్చేసి బోడిగా నిలబడుతుంది. అది చావు కాదు, పొదుపు. నీళ్లు లేని కాలంలో ఆకుల దుకాణం మూసేస్తుంది. మోదుగ అయితే ఆకు లేకుండానే ఒళ్లంతా ఎర్రటి పూలు పూస్తుంది. ఆ రోజుల్లో శాటిలైట్ చూస్తే నిక్షేపంలాంటి అడవి కూడా గోధుమరంగులో, తక్కువ అంకెతో కనిపిస్తుంది.

మరి ఏప్రిల్‌లో ఎవరు పచ్చగా ఉంటారు? జామాయిల్ ఉంటుంది. సర్కారు తుమ్మ ఉంటుంది. ట్యాంకర్‌తో నీళ్లు పోస్తున్న తోట ఉంటుంది.

సర్కారు తుమ్మ కథ మన ఇంటి కథే. అమెరికా ఖండాల మొక్క. వంటచెరకు కోసమని 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటినట్టు చెబుతారు. ఇప్పుడు దాన్ని నాటాల్సిన పని లేదు, వద్దన్నా వస్తుంది. ఎంత ఎండనైనా తట్టుకుంటుంది, ఎలాంటి చెడ్డ నేలలోనైనా లేస్తుంది, తన కింద వేరే మొక్కను సులభంగా లేవనివ్వదు. వదిలేసిన గని గుట్ట దానికి స్వర్గం. మే నెలలో కూడా ఎన్‌డీవీఐ బాగానే చూపిస్తుంది.

అంటే ఏప్రిల్ అంకె ఒక్కటే చూసి మార్కులేస్తే, పక్కనున్న వందేళ్ల టేకు అడవి ఫెయిలవుతుంది, సర్కారు తుమ్మ ఫస్ట్ క్లాసులో పాసవుతుంది!

సెప్టెంబర్ ఒక్కటే చూస్తే అందరూ పాసు. ఏప్రిల్ ఒక్కటే చూస్తే తలకిందులు. మరి ఏం చేయాలి? ఒక రోజు ఫొటో పక్కన పెట్టి ఏడాది పొడవునా గీత గీయాలి. ఒక గీత చాలదు, రెండు కావాలి. ఒకటి గని గుట్టది. రెండోది దాని పక్కనే ఎవరూ తవ్వని సహజమైన నేలది. రెండింటికీ పడేది ఒకే వాన, కాసేది ఒకే ఎండ. కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది. కోలుకున్న నేల ఎంత పచ్చగా ఉందన్నది రెండో ప్రశ్న. పక్కవాడితో పాటు చిగురిస్తోందా, పక్కవాడితో పాటు ఆకు రాలుస్తోందా అన్నది మొదటి ప్రశ్న.

నాలుగు రకాల గీతలు

అలా గీస్తే సాధారణంగా నాలుగు రకాల గీతలు వస్తాయి.

మొదటిది, ఏడాదంతా కిందే పాకే గీత. చెప్పేదేముంది, వట్టి రాయి. మొక్కలు నాటి ఉంటే అవి చచ్చిపోయాయి.

రెండోది, ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు పైకి లేచి, సంక్రాంతి దాటేసరికి నేలకు జారే గీత. గడ్డి వచ్చింది, చెట్టు ఇంకా రాలేదు. దీన్ని తక్కువ చేయకండి. గడ్డి వేర్లు మట్టిని పట్టుకుంటాయి, రాలిన గడ్డి ఎరువవుతుంది. మొదటి మెట్టు ఎప్పుడూ ఇదే. కానీ పదేళ్ల తర్వాత కూడా అదే మెట్టు మీద ఉంటే అడగాల్సిందే.

మూడోది, ఏడాదంతా ఒకే ఎత్తులో సాగే గీత. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఇక్కడే జాగ్రత్త. జామాయిల్ తోటా? సర్కారు తుమ్మా? లేక పైపులతో నీళ్లు పెడుతున్నారా? నీళ్లు ఆపేసిన ఏడాది ఈ గీత ఏమవుతుందో చూడాలి.

నాలుగోది, పక్క అడవి గీతతో పాటు లేచి పడే గీత. ఎత్తు కొంచెం తక్కువగా ఉండొచ్చు, కానీ లయ ఒకటే. ఇదీ మనకు కావలసింది. 2015 లాంటి కరవు ఏడాదిలో పక్క అడవి ఎంత తగ్గిందో ఇదీ ఇంచుమించు అంతే తగ్గి, మరుసటి వానలకు తిరిగి లేస్తే ఇంకా మంచి గుర్తు.

ఏళ్ల తరబడి ఇలా గీతలు గీసి, ఎప్పుడు పడింది, ఎప్పటి నుంచి లేస్తోంది అని దానంతట అదే గుర్తుపట్టే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. 2010లో వచ్చిన ల్యాండ్‌ట్రెండర్ అలాంటిదే. కోడింగ్ తెలిసినవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే, అది నేలకు గిట్ లాగ్. ఏ సంవత్సరం ఎవరు ఏం కమిట్ చేశారో అక్కడ దాచలేరు.

ఇందులో చిల్లులు కూడా ఉన్నాయి. వానాకాలంలో మబ్బులు కమ్మితే ఎన్‌డీవీఐకి కళ్లు మూసుకుపోతాయి. దానికి రాడార్ మందు, మబ్బుల్లోంచి కూడా చూస్తుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్‌లో నాసా, ఇస్రో చెరొక రాడార్ పెట్టాయి. నాసా పెట్టిన ఎల్-బ్యాండ్ రాడార్ ఆకుల పొర దాటి కొమ్మలు, కాండాల దాకా చేరుతుంది. అంటే ఆకు ఎంత ఉందన్న దానితో ఆగకుండా కలప ఎంత ఉందన్న అంచనా కూడా వస్తుంది. ఆకులు రాల్చిన టేకు ఎన్‌డీవీఐకి కనిపించకపోయినా రాడార్‌కు కనిపిస్తుంది.

మేకల సర్వే

ఇప్పుడు ఒక చేదు నిజం. నాలుగో గీత వచ్చినా పండగ చేసుకోకూడదు. ఒక్క టేకే వరసగా నాటేసినా అదే లయ వస్తుంది. ఆకాశం నుంచి చూస్తే టేకు తోటకూ, యాభై రకాల చెట్లున్న అడవికీ తేడా పట్టుకోవడం చాలా కష్టం. తోటలో తునికాకు దొరకదు, ఇప్పపువ్వు రాలదు, పాలపిట్టకు తొర్ర దొరకదు. అడవి మీద బతికే మనిషికి ఆ తేడా కూటి తేడా.

అందుకని కిందికి దిగి నడవాల్సిందే. అటవీ శాస్త్రం చదివినవాళ్లు దీనికి పద్ధతులు పెట్టుకున్నారు. గుట్ట మీద అక్కడక్కడా చతురస్రాలు గీస్తారు. గడ్డికీ చిన్న మొక్కలకూ మీటరు పక్క మీటరు చాలు, చెట్లకు 10 మీటర్లు పక్క 10 మీటర్లు. లోపల ఏమేం రకాలున్నాయి, ఒక్కోటి ఎన్ని, ఎంత లావు అని లెక్క పెడతారు. మట్టిలో కర్బనం ఎంత చేరిందో పరీక్షిస్తారు. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: ఎవరూ నాటకుండా మొలిచిన మొక్కలు ఎన్ని? పిట్ట రెట్టలోంచో గాలికి కొట్టుకొచ్చో ఒక మొక్క తనంతట తాను లేచిందంటే ఆ నేల సొంత కాళ్ల మీద నిలబడుతోందని అర్థం. నాటిన మొక్క మన శ్రమకు గుర్తు. నాటకుండా వచ్చిన మొక్క నేల ఒప్పుకుందని గుర్తు.

ఆస్ట్రేలియాలో బాక్సైట్ తవ్విన చోట్ల చీమలను కూడా లెక్క పెట్టారు. ఎన్ని రకాల చీమలు తిరిగొచ్చాయో చూస్తే విత్తనాలు మోసేవాళ్లు, మట్టి గుల్ల చేసేవాళ్లు పనిలోకి వచ్చారా లేదా అన్నది తెలుస్తుంది. చీమను మించిన ఇన్‌స్పెక్టర్ ఎవరు?

ఇదంతా మా గోదావరిఖని మిత్రుడికి ఉత్సాహంగా చెప్పాను. ఎన్‌డీవీఐ, రాడార్, చతురస్రాలు, అన్నీ. ఓపికగా విన్నాడు. "గంత ఎందుకన్నా? ఎండకాలం మేకలను తోలుకవోయి ఇడిసిపెట్టు. అవి ఏ గుట్ట ఎక్కితే అదే అసలు గుట్ట" అన్నాడు.

ఆలోచిస్తే అది నిజంగానే మంచి టెస్ట్. మేక జామాయిల్ ఆకు ముట్టదు. సర్కారు తుమ్మ కాయలు నములుతుంది గానీ ఆకు జోలికి పోదు. గడ్డీ, పొదలూ, రకరకాల ఆకులూ ఉన్న చోటికే పోతుంది.

దేశపు అతి పెద్ద కోర్టు కూడా ఒకసారి పశువుల వైపు నుంచే ఆలోచించింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, గని పని అయిపోయాక ఆ నేల మీద మళ్లీ గడ్డి పెంచాలనీ, పశువులకు మేత దొరికేలా, మొక్కలూ జంతువులూ బతికేలా తయారు చేయాలనీ, ఈ షరతును గని లీజుల్లో, అనుమతుల్లో పెట్టాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. ఖర్చు తవ్వినవాళ్లదే.

ఎన్నేళ్లు చూడాలి?

ఇంత లెక్క ఎందుకంటే దీని వెనక డబ్బుంది, ఆ డబ్బు వెనక ఊళ్లున్నాయి.

2009లో కేంద్ర బొగ్గు శాఖ ఒక నియమం తెచ్చింది. గనిని మూసి, నేలను బాగుచేసే ఖర్చు కోసం కంపెనీ ముందే ఎస్క్రో ఖాతాలో డబ్బు వేయాలి. ఓపెన్‌కాస్ట్ అయితే అప్పటి ధరల్లో హెక్టారుకు 6 లక్షల రూపాయలు. పని జరిగిన కొద్దీ, పరిశీలించి, కొంత కొంత వెనక్కి ఇస్తారు. చివరి భాగం మూసివేత పూర్తయిందని తేలాకే. అంటే "నేల కోలుకుంది" అన్న మాట ఉత్త పొగడ్త కాదు. ఆ మాట మీద డబ్బు చేతులు మారుతుంది. ఆ మాట తర్వాత నీళ్ల ట్యాంకర్ ఆగిపోతుంది, కాపలా మనిషి వెళ్లిపోతాడు. గుట్ట, దాని కింద ఊరు మిగులుతాయి. తొందరపడి ఆ మాట అనేస్తే గుట్ట మీద చెట్లు ఎండిపోయినప్పుడు జారే మట్టి ఊరి చెరువులోకే వస్తుంది.

అమెరికాలో 1977 నాటి చట్టం దీన్ని కాలంతో ముడిపెట్టింది. ఏడాదికి 26 అంగుళాల కంటే ఎక్కువ వాన పడే చోట, చివరిసారి విత్తనం వేసిన తర్వాత 5 ఏళ్లు కంపెనీదే బాధ్యత. అంతకంటే తక్కువ వాన పడే చోట 10 ఏళ్లు. మధ్యలో మళ్లీ నాటితే గడియారం మళ్లీ మొదటికొస్తుంది. అంతవరకు బాండు డబ్బు పూర్తిగా రాదు. అందులోని ఆలోచన నాకు నచ్చింది. వాన తక్కువైన నేలకు ఎక్కువ కాలం కావాలి, కాబట్టి ఎక్కువ కాలం కనిపెట్టుకుని ఉండాలి.

దాన్ని మన మ్యాపు మీద పెట్టి చూడండి. 26 అంగుళాలంటే సుమారు 660 మిల్లీమీటర్లు. పాత అనంతపురం జిల్లా సగటు వాన 550 చిల్లర. ఆ జిల్లా సరిహద్దులోనే ఓబులాపురం ఉంది, ఆనుకుని బళ్లారి కొండలు. ఇనుప ఖనిజం కోసం ఆ కొండలను ఎలా తవ్వారో, 2011లో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాలు ఎలా ఆపించిందో వార్తల్లో చూసే ఉంటారు. తర్వాత అక్కడ ఒక్కో గనికీ పునరుద్ధరణ ప్రణాళిక ఉంటేనే మళ్లీ అనుమతి అన్నారు. ఆ నేల గోదావరి పక్క నేల లాంటిది కాదు. అక్కడ సహజంగా ఉండేది టేకు అడవి కూడా కాదు. ముళ్ల పొదలు, బోద గడ్డి, అక్కడక్కడా చెట్లు. మంచిర్యాలకు పెట్టిన పాస్ మార్కు అక్కడ పెడితే దేవుడు పెట్టిన కొండ కూడా ఫెయిలవుతుంది. అందుకే దేశమంతటికీ ఒకే ఎన్‌డీవీఐ అంకె పెట్టి కొలవలేం. ఎక్కడి నేలకు అక్కడి పక్క నేలే కొలబద్ద.

ఇంకో సంగతి. తవ్విన చోటంతా ఒకప్పుడు అడవి కాకపోవచ్చు. పత్తి చేలు ఉండొచ్చు, ఊరి బీడు ఉండొచ్చు. తవ్వకం పూర్తయ్యాక మిగిలే పెద్ద గొయ్యి చాలాచోట్ల నీళ్లు నిండి చెరువవుతుంది, అక్కడ ఏ చెట్టూ రాదు. కాబట్టి "పచ్చబడిందా" అని అడిగే ముందు "ముందు ఏముండేది, ఊరికి మళ్లీ ఏం కావాలి" అని అడగాలి. ఆ జవాబు శాటిలైట్ దగ్గర ఉండదు. గ్రామసభలో ఉంటుంది.

మీ ఫోన్‌లోనే చూడొచ్చు

మీ ఊరి దగ్గర గని ఉందా? ఓసీ కావచ్చు, ఇనుము కావచ్చు, గ్రానైట్, సున్నపురాయి క్వారీ కావచ్చు. ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి.

గూగుల్ ఎర్త్‌లో టైమ్‌ల్యాప్స్ అని ఉంటుంది. అందులో మీ ఊరు వెతికి 1984 నుంచి మొదలుపెట్టి వేగంగా తిప్పండి. నేల ఎప్పుడు తెరుచుకుంది, గుట్ట ఎప్పుడు లేచింది, ఎటు జరిగింది అన్నది సినిమాలా కనిపిస్తుంది.

తర్వాత కోపర్నికస్ బ్రౌజర్ తెరవండి. సెంటినెల్-2 ఎంచుకుని, ఎన్‌డీవీఐ లేయర్ పెట్టండి. మబ్బు లేని రోజులు మాత్రమే తీసుకోండి. గుట్టనూ, పక్కన తవ్వని నేలనూ ఒకే రోజు చూడండి. అక్టోబర్‌లో ఒకసారి, జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. స్క్రీన్‌షాట్లు దాచుకోండి. కొంచెం కోడ్ వచ్చినవాళ్లు గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో కొన్ని లైన్ల జావాస్క్రిప్ట్‌తో పదేళ్ల గీత గీసేయొచ్చు. ఇంజినీరింగ్ ఫైనలియర్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ప్రాజెక్టు కోసం పాత టాపిక్కే మళ్లీ తిప్పి రాసే బదులు ఇది చేయండి. వైవాలో అడిగేవాళ్లకు కూడా కొత్తగా ఉంటుంది.

చివరగా కాగితం. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి గనీ షరతులు ఎంతవరకు పాటించిందో ఏడాదికి రెండుసార్లు, జూన్ 1కీ డిసెంబర్ 1కీ రిపోర్టు ఇవ్వాలి. అవి జనం చూడదగ్గ పత్రాలే. తీసి చదవండి. ఎన్ని మొక్కలు నాటారన్న అంకె తప్పకుండా ఉంటుంది. దాని పక్కన మీరు నాలుగు ప్రశ్నలు రాసుకోండి. నాటినవాటిలో ఎన్ని బతికాయి? ఎన్ని రకాలు? నీళ్లు ఆపి ఎన్నేళ్లయింది? పక్క నేలతో పోల్చి చూశారా?

గని విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు మైకు ఊరివాళ్ల చేతికి కూడా వస్తుంది. అప్పుడు "మా గుట్ట బాగాలేదు" అంటే ఒక మాటగా రాసుకుని పోతారు. "మీ గుట్ట గీత మా అడవి గీతతో కలవట్లేదు, ఇదిగో పదేళ్ల లెక్క" అని ఫోన్ చూపిస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది. పక్కన మేకలు కాసే పెద్దాయనను కూడా తీసుకెళ్లండి. ఆయన దగ్గర మీకంటే పాత డేటా ఉంటుంది.